ఫోటో ఒకచోట, వరసలు పదిచోట్ల: ఇంటి డిజిటల్ ఫోటోలను డిజికామ్‌లో సర్దుకునే పద్ధతి

మావయ్య షష్టిపూర్తికి నాచారంలో ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం. స్క్రీన్ మీద పాత ఫోటోలు వేసే పని నాది అని అత్తయ్యకు మాటిచ్చేశాను. ఫోటోలు లేక ఇబ్బంది పడలేదు, ఎక్కువై ఇబ్బంది పడ్డాను. రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు పెన్‌డ్రైవ్‌లు, స్క్రీన్ పగిలిన ఒక ఫోను. వాటిలో "న్యూ ఫోల్డర్ 3", "అమ్మ ఫోన్ బ్యాకప్", దాని పక్కనే "అమ్మ ఫోన్ బ్యాకప్ ఫైనల్". మూడు రాత్రులు కూర్చుంటే అరవై ఫోటోలు పోగయ్యాయి. ఫంక్షన్ అయిన వారానికి, ట్యాంక్‌బండ్ మీద చేతక్ స్కూటర్‌కు ఆనుకుని పాతికేళ్ల మావయ్య నవ్వుతున్న ఫోటో "పాన్ కార్డు స్కాన్లు" అన్న ఫోల్డర్‌లో బయటపడింది. అత్తయ్య అడిగింది సరిగ్గా ఆ ఫోటోనే.

ఆ తర్వాత కొన్ని నెలల ఆదివారాలు ఈ పనికే పోయాయి. రెండుసార్లు తప్పు దారిలో వెళ్లి వెనక్కి వచ్చాను. మీరు ఆ దారిలో వెళ్లకుండా, డిజికామ్ అనే ఫోటోలు సర్దే సాఫ్ట్‌వేర్‌తో చివరికి నాకు కుదిరిన పద్ధతిని వరుసగా చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది

లాల్‌దర్వాజా బోనాల్లో పాపను భుజాన ఎక్కించుకున్న మావయ్య ఫోటో ఒకటి ఉందనుకుందాం. దాన్ని ఏ ఫోల్డర్‌లో పెడతారు? "బోనాలు"లోనా, "మావయ్య"లోనా, "పాప"లోనా, "పాతబస్తీ"లోనా? నేను మొదట నాలుగింటిలోనూ కాపీ పెట్టాను. తర్వాత ఒక కాపీకి వెలుతురు సరిచేశాను. ఇంకో కాపీని కత్తిరించాను. ఆరు నెలలయ్యాక వాటిలో ఏది అసలుదో నాకే తెలియలేదు.

మనుషుల విషయంలో మనకు ఈ చిక్కు రాదు. మావయ్య ఉండే ఇల్లు ఒకటే. కానీ ఆయన ఒకరికి బావ, ఒకరికి బాబాయి, ఇంకొకరికి తాతయ్య. ఎవరు ఏ వరసతో పిలిచినా పలికేది ఆయనే. ఫోటోకు ఫోల్డర్ అంటే ఇల్లు, ట్యాగ్ (ఫోటోకు తగిలించే పేరు) అంటే వరస. ఫైలు ఒక్కచోటే ఉంటుంది. దానికి ఎన్ని ట్యాగ్‌లు తగిలిస్తే అన్ని దారుల్లో దొరుకుతుంది. కాపీలు అక్కర్లేదు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఆ ట్యాగ్‌లు ఎక్కడ రాసి ఉంటాయి? సాఫ్ట్‌వేర్ తన సొంత డేటాబేస్‌లో రాసుకుంటే, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నంత వరకే అవి మీవి. మన దగ్గర చాలామంది పికాసా అనే ఫోటో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు. 2016 మార్చిలో గూగుల్ దాన్ని ఆపేసింది. ఫోటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ, పికాసాలో కట్టుకున్న ఆల్బమ్‌లు ఫోటోల లోపల లేవు. కంప్యూటర్ మార్చినవాళ్లకు ఆల్బమ్‌లు పోయి ఫైళ్లు మిగిలాయి.

హైదరాబాద్‌లో ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకాయన ఎప్పుడో ఉన్నాడు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్. ఆయన స్టూడియో ప్రింట్లు చాలావాటి మీద అంచున ఒక నంబరు, అది ఏ చోటో చెప్పే పేరు కనిపిస్తాయి. అవి ప్రింటు మీద రాసినవి కావు, గాజు నెగటివ్ మీదే రాసినవి. అందుకే రిజిస్టరు పక్కన లేకపోయినా ఫోటో తన పేరు తానే చెబుతుంది. మనం చేయబోయేది కూడా అదే: వివరాలను ఫైలు లోపలే రాయించడం.

ఏ సాఫ్ట్‌వేర్

నేను డిజికామ్ వాడుతున్నాను. డబ్బు కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మీ ఫోటోలను తన కడుపులో దాచుకోకుండా ఉన్న ఫోల్డర్లలోనే ఉంచి చూపిస్తుంది. ట్యాగ్‌లను ఫైల్లోకి రాస్తుంది. మొదట్లో బటన్లు మరీ ఎక్కువగా కనిపించి కంగారు పుడుతుంది, నిజమే. వాటిలో మనకు కావాల్సినవి పదో పన్నెండో, అంతే. పెళ్లి ఫోటోగ్రఫీ వృత్తిగా చేసేవాళ్లు లైట్‌రూమ్ క్లాసిక్‌కు చందా కట్టి వాడతారు. కింద చెప్పే సూత్రాలు దానికీ పనికొస్తాయి.

గూగుల్ ఫోటోస్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. వెతకడంలో అది గట్టిదే. కానీ 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీ ఉచిత కోటాలోకే లెక్క. మా ఇంట్లో జీమెయిల్ కూడా అందులోనే ఇరుక్కుని ఉంది. దాన్ని అదనపు కాపీగా ఉంచుకోండి, అసలు కాపీ మాత్రం మీ ఇంట్లోనే ఉండాలి.

ఒకటి: అన్నీ ఒకే డిస్క్‌లోకి

ఒక ఫోటో 4 ఎంబీ అనుకుంటే 40 వేల ఫోటోలకు 160 జీబీ. వీడియోలు కలిపినా 1 టీబీ డిస్క్ మామూలు ఇంటికి సరిపోతుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఒకేసారి రెండు తీసుకోండి. రెండోది ఎందుకో చివర్లో చెబుతాను.

డిస్క్‌లో "ఫోటోలు" అని ఒక ఫోల్డర్, దాని లోపల "00-కుప్ప" అని మరో ఫోల్డర్ చేయండి. ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు, పాత ల్యాప్‌టాప్‌లు, అన్నిట్లో ఉన్నవీ ఈ కుప్పలోకి కాపీ చేయండి. ఏ పరికరం నుంచి వచ్చినవి ఆ పరికరం పేరుతో విడి ఫోల్డర్‌లో ఉండాలి. కలిపి పోస్తే కెమెరా ఫైళ్ల పేర్లు ఢీకొంటాయి. చాలా కెమెరాల్లో నంబరు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. అంటే రెండు వేర్వేరు పెళ్లిళ్లకు ఒకే పేరున్న ఫైళ్లు ఉంటాయి. విండోస్ "రీప్లేస్ చేయాలా?" అని అడిగినప్పుడు అలసటలో ఎస్ నొక్కారా, ఒక పెళ్లి పోయినట్టే.

ఈ దశలో ఏ పరికరంలోనూ ఏదీ తుడిచేయొద్దు.

రెండు: డిజికామ్‌కు ఇల్లు చూపించడం

మొదటిసారి తెరవగానే అది కొన్ని ప్రశ్నలు వేస్తుంది. మూడింటికి జాగ్రత్తగా జవాబివ్వాలి.

ఫోటోలు ఎక్కడున్నాయంటే, ఇందాకటి "ఫోటోలు" ఫోల్డర్ చూపించండి. డిస్క్ బయటి నుంచి తగిలించేది అయితే, తర్వాత సెట్టింగ్స్‌లోని కలెక్షన్స్ పేజీలో దాన్ని రిమూవబుల్ మీడియా కింద చేర్చండి. ఈరోజు ఈ: డ్రైవ్‌గా ఉన్నది రేపు ఎఫ్: అయినా అదే డిస్క్ అని గుర్తుపడుతుంది.

డేటాబేస్ ఎక్కడ పెట్టాలంటే, కంప్యూటర్ సొంత డిస్క్ మీద. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్క్) ఉంటే మరీ మంచిది. బయటి డిస్క్ మీద పెడితే ప్రతి క్లిక్కుకూ ఆలోచిస్తుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీద అసలే పెట్టొద్దు. డేటాబేస్ రకం ఎస్‌క్యూలైట్ ఉంచండి, ఇంటికి అదే చాలు.

వివరాలు ఫైళ్లలోకి రాయాలా అంటే, రాయమనండి. తర్వాత సెట్టింగ్స్‌లోని మెటాడేటా పేజీకి వెళ్లి ట్యాగ్‌లు, క్యాప్షన్లు, రేటింగ్, తేదీలు, ముఖాల ట్యాగ్‌లు అన్నిటికీ టిక్ పెట్టి ఉందో లేదో చూసుకోండి. ఈ మెటాడేటా అంటే ఫోటో ఫైల్లోనే మడిచి పెట్టిన వివరాల చీటీ. రా ఫైళ్లు (కెమెరా ఏమీ సరిదిద్దకుండా దాచే ముడి ఫైళ్లు) తీసేవాళ్లు మాత్రం వాటి లోపల రాయించకుండా, ఎక్స్‌ఎంపీ అనే పక్క ఫైల్లో రాసేలా పెట్టుకోవాలి. ఆ పక్క ఫైలు ఫోటోకు తోకలాంటిది. డిజికామ్‌లోంచి ఫోటోను జరిపితే తోక కూడా వెంట వస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో మీ చేత్తో జరిపితే తోకను కూడా మీరే జరపాలి.

ఇక్కడే నా రెండో తప్పు చెప్పాలి. సగం ట్యాగ్‌లు పెట్టాక, పాత అలవాటు కొద్దీ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ల పేర్లు మార్చేశాను. డిజికామ్ చాలావాటిని మళ్లీ గుర్తుపట్టింది, అయినా ఒక రోజంతా టెన్షన్. ఇంటి తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. ఫోటోలు జరపడం, పేర్లు మార్చడం, తుడవడం ఇక డిజికామ్‌లోంచే చేయండి.

మూడు: తేదీలు సరిచేయడం

విసుగు పుట్టించే పని ఇదే, కానీ దీన్ని దాటేస్తే తర్వాతవేవీ నిలవవు. ఫోన్ కెమెరాలో తీసిన ఫోటో లోపల తీసిన సమయం ఉంటుంది. దాని జోలికి వెళ్లక్కర్లేదు. చిక్కంతా మూడు రకాల ఫోటోలతో.

మొదటి రకం వాట్సాప్‌వి. ఫోటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించడంతో పాటు లోపలి చీటీని చింపేస్తుంది. మిగిలేది పేరు ఒక్కటే: ఐఎంజీ-20210614-డబ్ల్యూఏ0007 లాంటిది. అందులోని అంకెలు 2021 జూన్ 14. ఐటెమ్ మెనూలో టైమ్ అండ్ డేట్ సరిచేసే కిటికీ తెరిచి, సమయాన్ని ఫైలు పేరులోంచి తీసుకోమంటే వందల ఫోటోలకు ఒకేసారి తేదీ పడుతుంది. కానీ అది మీకు అందిన తేదీ, తీసిన తేదీ కాదు. అత్తయ్య 2021లో పంపిన 1994 ఫోటో కూడా 2021లోకి వెళ్లి కూర్చుంటుంది. ఇకపై బంధువులను ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే వస్తుంది. మా పెద్దమ్మకు ఇది నేర్పడానికి రెండు పండుగలు పట్టింది.

రెండో రకం గడియారం తప్పిన కెమెరాలు. పెళ్లికి ఫోటోగ్రాఫర్ దగ్గర రెండు కెమెరాలు, అమెరికా నుంచి వచ్చిన తమ్ముడి మెడలో ఇంకొకటి. మూడూ కలిపి సమయం ప్రకారం పేర్చి చూడండి: అప్పగింతలు అయ్యాక గౌరీపూజ వస్తుంది. సరిచేయడానికి మూడు కెమెరాలూ తీసిన ఒకే క్షణం కావాలి. మన పెళ్లిళ్లలో అది వెతుక్కోనక్కర్లేదు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణాన్ని ఏ కెమెరా వదలదు. ఆ సమయం శుభలేఖలోనే అచ్చయి ఉంటుంది.

సుముహూర్తం ఉదయం 10:42 అనుకోండి. ఒక కెమెరాలో ఆ ఫోటో 11:29 అని చూపిస్తే ఆ కెమెరా ఫోటోలన్నీ 47 నిమిషాలు వెనక్కి. తమ్ముడి కెమెరాలో అదే క్షణం అర్ధరాత్రి దాటాక 1:12 అని ఉంటే, అతను న్యూయార్క్ టైమ్ మార్చకుండా వచ్చాడన్నమాట. వేసవిలో మనకూ అక్కడికీ తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అంత ముందుకు జరపండి. సమయం సరిచేసే ఆ కిటికీలోనే ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు కలపాలి లేదా తీసేయాలి అని చెప్పొచ్చు. ఒక్కో కెమెరా ఫోటోలను విడిగా ఎంచుకుని చేయండి. ఒకటో అడుగులో పరికరాల వారీగా ఫోల్డర్లు పెట్టమన్నది దీని కోసం కూడా.

మూడో రకం స్కాన్ చేసిన పాత ప్రింట్లు. వాటికి స్కాన్ చేసిన రోజు పడి ఉంటుంది. సంవత్సరం మాత్రమే తెలిస్తే ఆ సంవత్సరం జనవరి 1 వేసి, "తేదీ అంచనా" అని ట్యాగ్ తగిలించండి. ఆ ట్యాగ్ లేకపోతే, పదేళ్ల తర్వాత ఎవరో అది నిజంగా నూతన సంవత్సరం రోజు తీసిందే అనుకుంటారు.

తేదీలు కుదిరాక ఎడమ పక్కనున్న డేట్స్ పేజీలో నెలల వారీగా ఫోటోలు కనిపిస్తాయి. ఒక్కో నెలనూ మొత్తం ఎంచుకుని, కట్ చేసి, దాని ఆల్బమ్‌లో పేస్ట్ చేయండి. డిజికామ్‌లో ఆల్బమ్ అంటే డిస్క్ మీది ఫోల్డరే. పేర్లు ఇలా చాలు: 2019, దాని లోపల 2019-07. అంకెలే, మాటలు వద్దు. ఇది నా మొండి అభిప్రాయం. ఫోల్డర్ పేర్లలో మాటలు పెట్టడం మొదలుపెడితే మళ్లీ "బోనాలా, మావయ్యా" అన్న పాత చిక్కే వస్తుంది. మాటలన్నీ ట్యాగ్‌లలోకి పోవాలి. వేల ఫోటోలున్న పెళ్లికి మాత్రం ఆ నెల లోపల ఒక విడి ఫోల్డర్ ఇవ్వొచ్చు.

నాలుగు: నకళ్లు, చెత్త

ముందు గుడ్ మార్నింగ్ గులాబీలు. వాట్సాప్ ఫైళ్లను పేరుతో వెతికి, చిన్న బొమ్మలుగా చూస్తూ పోతే గంటలో వేల కొద్దీ పోతాయి. మా ఇంట్లో శుక్రవారం లక్ష్మీదేవి బొమ్మలను తుడవడానికి అమ్మ ఒప్పుకోలేదు. వాటికి ఒక ఫోల్డర్ ఇచ్చి రాజీ పడ్డాను.

తర్వాత డూప్లికేట్ల పని. డిజికామ్ ముందుగా ప్రతి ఫోటోకూ వేలిముద్ర లాంటిది తయారుచేసుకోవాలి. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దునకు ఒకేలా ఉన్నవన్నీ జతలుగా చూపిస్తుంది. పోలిక 90 శాతం నుంచి అని ఉంటుంది. మొదటి విడత దాన్ని పెంచి, అచ్చంగా ఒకటే అయినవి తీసేయండి. జతలో ఏది ఉంచాలన్నది సైజు చెబుతుంది. ఫోన్లోంచి నేరుగా వచ్చింది కొన్ని ఎంబీలు ఉంటే, వాట్సాప్ చుట్టి వచ్చింది కొన్ని వందల కేబీలే ఉంటుంది. వరుసగా టకటకా తీసిన ఫోటోలు కూడా జతలుగా వస్తాయి. అవి నకళ్లు కావు. ఒకదాంట్లో పాప కళ్లు మూసుకుంది, ఇంకొకదాంట్లో తెరిచింది.

తుడిచినవి డిజికామ్ సొంత చెత్తబుట్టలోకి వెళ్తాయి. అది ఖాళీ చేసేదాకా డిస్క్‌లో చోటు రాదు. నెల రోజులు ఆగి ఖాళీ చేయండి.

ఐదు: ట్యాగ్‌ల చెట్టు

ఇక అసలు పని. ట్యాగ్‌లను కొమ్మలుగా కట్టొచ్చు. పైన నాలుగే కొమ్మలు పెట్టండి: మనుషులు, చోట్లు, సందర్భాలు, పనులు. ఐదోది పెట్టాలనిపిస్తే వారం ఆగండి.

మనుషుల దగ్గర తెలుగు ఇళ్లన్నీ తడబడే సంగతి ఒకటుంది. "అత్తయ్య" అని ట్యాగ్ పెట్టారు. ఎవరి అత్తయ్య? నాకు అత్తయ్య, నా మరదలికి అమ్మ, పాపకు అమ్మమ్మ. రేపు పాప ఈ డిస్క్ తెరిచి "అమ్మమ్మ" అని వెతికితే ఏమీ రాదు. ఫోటోకు ట్యాగ్ వరస లాంటిదని పైన నేనే అన్నాను గానీ, మనుషుల ట్యాగ్‌లో మాత్రం వరస రాయకూడదు, పేరు రాయాలి. తాతగారి పేరే మనవడికి పెట్టే ఇళ్లలో ఒక పేరు కూడా చాలదు. ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే పేరు పక్కన పుట్టిన సంవత్సరం వేయండి: "వెంకటేశ్వర్లు 1931", "వెంకటేశ్వర్లు 1988". ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లితో మారిందని రెండు ట్యాగ్‌లు చేయొద్దు. మనిషి ఒక్కరే, ట్యాగ్ ఒక్కటే. ముద్దుపేరు, వరస, పుట్టింటి పేరు లాంటివన్నీ క్యాప్షన్‌లో రాసుకోవచ్చు.

చోట్లకు పెద్ద నుంచి చిన్న: హైదరాబాద్, దాని కింద పాతబస్తీ, దాని కింద చార్మినార్, లాడ్‌బజార్. సికింద్రాబాద్‌ను విడి కొమ్మగా పెట్టాలా, హైదరాబాద్ కిందా అన్నది మా ఇంట్లో భోజనాల దగ్గర తేలని విషయం. మీరు ఏదో ఒకటి తేల్చుకుని మార్చకుండా ఉంటే చాలు. మా బామ్మ సికింద్రాబాద్‌ను లష్కర్ అనేది. ఆ మాట ఆమె ఫోటోల క్యాప్షన్లలో రాశాను.

సందర్భాల్లో సంవత్సరం రాయొద్దు. "బోనాలు 2018", "బోనాలు 2019" అని ట్యాగ్‌లు పెంచుకుంటూ పోతే చెట్టు కాస్తా అడవి అవుతుంది. "బోనాలు" ఒక్కటే పెట్టండి. ఆషాఢం ఏటా ఇంగ్లీషు నెలల్లో అటూ ఇటూ జరిగినా ఫోటో తేదీ ఎలాగూ ఉంది. వెతికేటప్పుడు బోనాలు, 2019 రెండూ కలిపి అడగొచ్చు. బతుకమ్మకు, వినాయక చవితికి, నాంపల్లి నుమాయిష్‌కు కూడా ఇదే. నుమాయిష్ జనవరిలో మొదలై ఫిబ్రవరిలోకి సాగుతుంది కాబట్టి నెలల ఫోల్డర్లలో అది రెండు ముక్కలవుతుంది. ట్యాగ్ వాటిని కలుపుతుంది.

"పనులు" అన్న కొమ్మ నా సొంతం: "ప్రింట్ వేయించాలి", "తేదీ అంచనా", "ఎవరో కనుక్కోవాలి". పని అయ్యాక తీసేసే ట్యాగ్‌లు ఇవి.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? తెలుగులో రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే "బతుకమ్మ"కు ఇంట్లో నలుగురూ నాలుగు స్పెల్లింగులు వేస్తారు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. ఫోటోలో కీవర్డ్‌లు దాచే పాత పద్ధతి ఐపీటీసీలో ఒక కీవర్డ్‌కు 64 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ సరిపోతే, కంప్యూటర్ అక్షరాలను రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు కావాలి. ఒత్తుకు వాడే పొల్లూ లెక్కే, గుణింతం గుర్తూ లెక్కే. అంటే 21 గుర్తులు దాటకూడదు. "సుబ్రహ్మణ్యేశ్వరస్వామి"లో 22 ఉన్నాయి. చివరి "మి" మీద గుడి పెట్టడానికి చోటు మిగలదు. స్వామికి గుడి లేకుండా పోతుందన్నమాట. కొత్త పద్ధతి ఎక్స్‌ఎంపీకి ఈ హద్దు లేదు, డిజికామ్ అందులోనూ రాస్తుంది. అయినా ట్యాగ్‌లు పొట్టిగా ఉంటే ఏ పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా తెగవు.

చేసే తీరు ఇది. ఒక ఆల్బమ్ తెరవండి. ఒకే సందర్భం ఫోటోలన్నీ కలిపి ఎంచుకోండి. కీబోర్డు మీద టీ నొక్కి ట్యాగ్ పేరు కొట్టండి, ఎంటర్. ముందు సందర్భం, తర్వాత చోటు. ఈ రెండూ గుంపుగా పడతాయి. మంచి ఫోటోలకు కంట్రోల్‌తో 1 నుంచి 5 వరకు నొక్కి చుక్కలు (స్టార్ రేటింగ్) ఇవ్వండి. నేను మూడే వాడతాను: ఏమీ లేకపోతే మామూలు, 3 అంటే బంధువులకు చూపించేది, 5 అంటే గోడకు కట్టేది. అన్నిటికీ చుక్కలు ఇవ్వాలని కూర్చుంటే ఈ జన్మకు తెమలదు.

ఆరు: ముఖాలు

పీపుల్ పేజీలో ముఖాలు వెతకమంటే ఫోటోలన్నీ జల్లెడ పడుతుంది. ఈ పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫోటోలు ఎక్కడికీ వెళ్లవు. ముందు ఒక్కొక్కరికీ పదీ పదిహేను ముఖాలు మీ చేత్తో పేరు పెట్టండి. కుడి నుంచి, ఎడమ నుంచి, కళ్లద్దాలతో, లేకుండా తీసినవి ఎంచుకోండి. తర్వాత గుర్తుపట్టమంటే అది తన ఊహలు చూపిస్తుంది, మీరు అవును, కాదు అంటూ పోవాలి. చంటిపిల్లలందరూ దానికి ఒకేలా ఉంటారు. బాసికం కట్టిన పెళ్లికూతురిని మా కంప్యూటర్ వాళ్ల చెల్లెలనుకుంది. ఊహలన్నిటినీ ఒకేసారి సరే అనేయకండి. తప్పు పేరు పడితే దాన్ని చూసి మరిన్ని తప్పులు నేర్చుకుంటుంది.

ఏడు: ఒకదానికొకటి ముడివేయడం

పాత ప్రింటును స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తాతగారి దస్తూరీలో "రాఖీ పున్నమి, అందరం" అన్న మాట, అన్నీ అక్కడే ఉంటాయి. 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) పెట్టండి. మూడున్నర అంగుళాలు, ఐదు అంగుళాల ప్రింటు 2100, 3000 పిక్సెళ్ల ఫోటో అవుతుంది. మళ్లీ ప్రింటు వేయించడానికి అది చాలు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన వాటిని పీకొద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి.

ఇప్పుడు ముందు వైపు, వెనక వైపు రెండూ ఎంచుకుని, ముందు వైపు మీద కుడి క్లిక్ చేసి గ్రూప్ చేయమనండి. ఇక ముందు వైపు ఒక్కటే కనిపిస్తుంది, వెనకది దాని కింద దాగి ఉంటుంది. రా ఫైలు-జేపెగ్ జతలను, వరుసగా తీసిన పది ఫోటోలను కూడా ఇలాగే కట్టొచ్చు.

ఈ గ్రూపు ముడి డిజికామ్ డేటాబేస్‌లోనే ఉంటుంది, ట్యాగ్‌లా ఫైల్లోకి ఎక్కదు. అందుకని పేరుతో కూడా ముడి వేయండి. ఎఫ్2 నొక్కి ముందు వైపుకు "1972-పాతఇల్లు-01-ముందు", వెనక వైపుకు "1972-పాతఇల్లు-01-వెనక" అని పెడితే, డిజికామ్ లేని రోజున కూడా రెండూ పక్కపక్కనే ఉంటాయి.

చోటును మ్యాప్‌తో ముడివేయడం కూడా ఇందులో ఉంది. ఫోన్ ఫోటోల్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు ముందే రాసి ఉంటుంది. పాతవాటిని జియోలొకేషన్ కిటికీలో మ్యాప్ మీదికి లాగి వదిలితే పడుతుంది. అయితే ఇంట్లో తీసిన ఫోటోలను ముక్కూమొహం తెలియనివాళ్లకు పంపే ముందు ఆ కాపీలోంచి లొకేషన్ తీసేయండి. మీ ఇంటి గుమ్మం అందులో ఉంటుంది.

ఎనిమిది: నిజంగా రాసిందా?

వంద ఫోటోలకు ట్యాగ్‌లు పెట్టగానే ఆగి ఈ పరీక్ష చేయండి, వేలు అయ్యాక కాదు. డిజికామ్ మూసేయండి. విండోస్‌లో ఒక జేపెగ్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. ట్యాగ్స్ అన్న చోట "బోనాలు" కనిపిస్తే నెగటివ్ మీద రాత పడినట్టే. ఖాళీగా ఉంటే రెండో అడుగుకు వెళ్లి మెటాడేటా టిక్‌లు చూడండి. ఆ తర్వాత టూల్స్‌లోని మెయింటెనెన్స్‌లో మెటాడేటాను, డేటాబేస్‌ను సరిపోల్చే పని నడపండి. అక్కడ దిశ అడుగుతుంది. డేటాబేస్ నుంచి ఫైళ్లలోకి అని చెప్పాలి. తిరగేసి చెబితే ఖాళీ ఫైళ్లను చూసి మీ ట్యాగ్‌లను ఖాళీ చేసే ప్రమాదం ఉంది. వేల ఫైళ్లలోకి రాసే ఈ పని గంటలు పడుతుంది, కరెంటు పోని వేళ చూసుకోండి.

తొమ్మిది: రెండో డిస్క్

మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, వాటిలో ఒకటి ఇంటి బయట. ఈ లెక్క అందరూ చెప్పేదే, పాటించేవాళ్లే తక్కువ. ఇందాక కొన్న రెండో డిస్క్‌లోకి "ఫోటోలు" ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. డిజికామ్ మూసి ఉన్నప్పుడు డేటాబేస్ పెట్టిన చోట ఉండే డిజికామ్4 డీబీ (digikam4.db) అన్న ఫైలును కూడా దాంట్లో పెట్టండి, గ్రూపు ముడులు ఉండేది అందులోనే. ఆ డిస్క్‌ను వేరే ఇంట్లో ఉంచండి. మాది ఖమ్మంలో అన్నయ్య బీరువాలో ఉంటుంది. సంక్రాంతికి, దసరాకు వెళ్లినప్పుడు మార్చి తెచ్చుకుంటాం. పెన్‌డ్రైవ్‌ను కాపీ కింద లెక్కపెట్టకండి. అది మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

మూడో కాపీ కోసం 3 చుక్కలు, ఆపైన ఉన్నవాటిని మాత్రమే క్లౌడ్‌లో పెట్టాను. 15 జీబీలో అవి హాయిగా సరిపోయాయి.

ఇక నెలకోసారి, ఇంట్లో ఫోన్లన్నీ తగిలించి, కొత్తవి కుప్పలోకి దింపి, మూడో అడుగు నుంచి ఐదో అడుగు దాకా. అలవాటయ్యాక గంట పని.

చివరి ట్యాగ్

ఇంత చేసినా "ఎవరో కనుక్కోవాలి" అన్న ట్యాగ్ కింద రెండొందలకు పైగా ఫోటోలు మిగిలాయి. అన్నీ పాత ప్రింట్లే. వాటిని చిన్న సైజులో ఒక ట్యాబ్‌లోకి ఎక్కించి చిక్కడపల్లిలో పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టాను. ఆమె మాట్లాడే వేగానికి టైప్ చేయడం నా వల్ల కాదు.

ముఖాలు చూసి ఆమె పెద్దగా పోల్చుకోలేకపోయింది. చూపు అంతంతమాత్రం. ఒక ఫోటో దగ్గర మాత్రం ట్యాబ్ లాక్కుని, వేళ్లతో పెద్దది చేసి, వెనక దండెం మీద ఆరేసిన చీర అంచు చూసింది. "ఇది మా పెళ్లయిన ఏడు కొన్నది. అంటే ఈ చంకలో పిల్ల మీ అమ్మే" అంది. ఇంటికి వచ్చి "ఎవరో కనుక్కోవాలి" తీసేసి అమ్మ పేరు పెట్టాను. సంవత్సరం వేసి, "తేదీ అంచనా" అలాగే ఉంచి, చీర సంగతి క్యాప్షన్‌లో రాశాను.